హాస్య నిరోధక శక్తి

గోదావరి మధ్యలో ఉన్న మా నడిలంకలో జనం సరిగ్గా నవ్వడం లేదని జిల్లా ఆరోగ్యశాఖకి ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. చెప్పినవాడెవడో ఈ లంకలో ఒక్క పూట కూడా ఉండి ఉండడు. ఇక్కడ కాలు జారి పడ్డవాణ్ణి ముందు "ఏరా, నేల గట్టిగానే ఉందా?" అని అడిగి, ఆ తర్వాతే లేవనెత్తుతారు. అలాంటి ఊరికి నవ్వు నేర్పడానికి ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక మనిషిని నియమించి, పంటు ఎక్కించి ఏరు దాటించి మరీ పంపింది. కల్పించి చెబుతున్నానని అనుకుంటే అనుకోండి. ఈ లంకలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి డాక్టర్ని నేను. కల్పించే తీరిక నాకు లేదు.

నేను అడిగింది నవ్వు కాదు, ఒక ఫ్రిజ్.

కిందటేడు వరదలో మా కేంద్రంలోకి నడుం లోతు నీళ్ళొచ్చి, టీకాలు దాచే ఫ్రిజ్ మునిగి చచ్చిపోయింది. ఫ్రిజ్ లేని కేంద్రానికి టీకా మందు ఇవ్వకూడదని నిబంధన. ఆ నిబంధనలో తప్పేమీ లేదు. వేడి తగిలినా, గడ్డకట్టినా ఆ మందు నీళ్ళతో సమానం. తప్పంతా ఫ్రిజ్ ఇవ్వకపోవడంలో ఉంది. బడిలో పదేళ్ళ పిల్లలకీ పదహారేళ్ళ పిల్లలకీ ధనుర్వాతం, కంఠసర్పి అనే డిఫ్తీరియా రాకుండా ఒక సూది వెయ్యాలి. ఆ ఏడు వెయ్యలేకపోయాం. ఆ వరదలోనే మా నర్సు సత్యవేణి అక్కకొడుక్కి కంఠసర్పి వచ్చింది. గొంతులో బూడిదరంగు పొర కమ్మి, ఊపిరాడక గిలగిల్లాడుతున్న పిల్లాణ్ణి పడవలో పడుకోబెట్టుకుని, ఏటి ఉరవడికి ఎదురెళ్ళి పెద్దాసుపత్రికి చేర్చాం. బతికాడు. ఆ పడవలో సత్యవేణి నా చెయ్యి గట్టిగా పట్టుకున్న చోట కమిలి, చాలా రోజులు మచ్చ పోలేదు. ఆమె కూతురు హర్షిణికి ఈ ఏడు పదేళ్ళు నిండాయి.

"డాక్టరుగారూ, మళ్ళీ నీళ్ళొచ్చేలోగా పిల్లలకి సూదులేసెయ్యాలండి," అనేది సత్యవేణి రోజూ పొద్దున్నే, నమస్కారం బదులు.

"నీ కూతుర్ని ఏరు దాటించి అవతల వేయించుకురాకూడదూ?" అన్నానొకసారి.

"నా పిల్లకొక్కదానికే ఏయించుకొచ్చి, మిగతా తల్లుల మొహాలు ఎలా చూడమంటారండి?" అని మొహం తిప్పుకుంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు నేను.

మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు వరద రాగానే ఆగిపోతుంది. పంటు ఆగితే మాకు ప్రపంచం లేదు. కాబట్టి శ్రావణమాసంలోగా ఫ్రిజ్ రావాలి. ఎన్నిసార్లు అడిగినా జిల్లా నుంచి ఒకటే జవాబు: "పరిశీలనలో ఉన్నది."

అంతలో ఆ ఆదేశం వచ్చింది.

పైనుంచి ఇంగ్లీషులో బయల్దేరినప్పుడు అది బుద్ధిగానే ఉంది. బూస్టర్ టీకాలు వేసి పల్లెల్లో 'హ్యూమరల్ ఇమ్యూనిటీ' పెంచండి అని. కానీ జిల్లాలో అది తెలుగు భాషా మాసం. ఇంగ్లీషు ముక్క ఉన్న ఏ కాగితమూ గుమ్మం దాటకూడదు. అనువాద విభాగంవాళ్ళు నిఘంటువు తిరగేశారు. 'హ్యూమరల్' దొరకలేదు. అది ఉండాల్సిన చోటికి దగ్గర్లోనే 'హ్యూమర్' దొరికింది. ఇద్దరూ ఒకింటివాళ్ళే అయ్యుంటారనుకున్నారు. మా చేతికొచ్చేసరికి అది ఇలా తయారైంది:

"గ్రామీణ ప్రజానీకమునందు హాస్య రోగనిరోధక శక్తిని ఉత్సాహవర్ధక మోతాదుల ద్వారా యుద్ధప్రాతిపదికన పెంపొందించవలెను."

చదవగానే ఒళ్ళు మండింది. మర్నాడే ఏరు దాటి జిల్లా అధికారి త్రివిక్రమరావుగారి ముందు కూర్చున్నాను. ఆయన చెడ్డమనిషి కాదు. కళ్ళతో చూసినదానికంటే కాగితం మీద ఉన్నదాన్ని ఎక్కువ నమ్ముతారు, అంతే.

"సార్, ఇక్కడ హ్యూమర్ అంటే హాస్యం కాదు. పూర్వకాలపు వైద్యుల మాటలో ఒంట్లోని ద్రవం. మన రక్తంలో బి కణాలని ఉంటాయి. ఏదైనా క్రిమి ఒంట్లోకి వస్తే, దాని ఆకారానికి సరిగ్గా అతుక్కునే ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను, తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. అవి వెళ్ళి క్రిమినీ, అది కక్కే విషాన్నీ పట్టుకుని పనికిరాకుండా చేస్తాయి. ఒంట్లోని ద్రవాల్లో తిరుగుతూ కాపాడతాయి కనక ఆ పేరు."

"క్రిమి ప్రవేశించిన తర్వాతనా తయారీ? ఇందులో జాప్యము జరుగదా?" అన్నారాయన. జాప్యం అనే మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి.

"మొదటిసారి జరుగుతుంది సార్. రోజులు పడుతుంది. కానీ ఆ కణాల్లో కొన్ని శత్రువు ఆకారాన్ని గుర్తుపెట్టుకుని ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటాయి. రెండోసారి అదే వస్తే తడుముకోవు. చాలా త్వరగా, చాలా ఎక్కువగా ప్రతిరక్షకాలు వచ్చేస్తాయి. టీకా చేసే పని ఇదే. జబ్బు రాకుండానే ఒంటికి శత్రువు ముఖం చూపించి పెట్టడం. దానికి మందు చల్లగా ఉండాలి. చల్లగా ఉండాలంటే ఫ్రిజ్..."

త్రివిక్రమరావుగారు కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి నన్నాపారు.

"మీరు ద్రవము అన్నారు. మంచిది. మనిషి మిక్కిలిగా నవ్వినచో ఏమి వచ్చును?"

"...కన్నీళ్ళండి."

"కన్నీరు ద్రవమా, ఘనమా?"

కన్నీళ్ళు ద్రవం కాదని వాదించడానికి నా వైద్యవిద్య సరిపోలేదు.

"కావున ఉత్తర్వునందు లోపము లేదు. ఫ్రిజ్ విషయము పరిశీలనలో ఉన్నది," అని ఆయన గంట కొట్టారు.

వారం తిరక్కుండా హాస్య సమన్వయకర్త పంటు దిగాడు. పేరు సర్వేశ్వరం. అతని మొహం చూస్తే ఎవరికైనా ముందు పరామర్శించాలనిపిస్తుంది. వెంట రెండు ట్రంకుపెట్టెల నిండా జోకుల పుస్తకాలు. పద్ధతి ఏమిటంటే, ఆస్పత్రికి వచ్చిన ప్రతి మనిషికీ నేను చూసేలోగా ఒక జోకు మోతాదు ఇవ్వాలి. నాలుగు వారాల తర్వాత బూస్టర్. బూస్టర్ అంటే మరో జోకు కాదు. అదే జోకు, అక్షరం పొల్లుపోకుండా.

మొదటి మోతాదు పంటు నడిపే ఏసురత్నానికి పడింది. పాపం, తాడు ఒరుసుకుని అరచెయ్యి చీరుకుపోయి, తువ్వాలు చుట్టుకుని వచ్చాడు.

"ముందు కుట్లేయించుకోనివ్వండి బాబూ," అన్నాడు.

"ముందు మోతాదు," అని సర్వేశ్వరం పుస్తకం తెరిచి, సంతాప తీర్మానం చదువుతున్నట్టు చదివాడు. "ఉపాధ్యాయుడు అడిగెను: గోదావరి ఎక్కడ పుట్టింది? విద్యార్థి చెప్పెను: ఆస్పత్రిలోనండి."

ఏసురత్నం చెయ్యి నొప్పి మర్చిపోయి మరీ ఆలోచించాడు.

"ఏ ఆస్పత్రండి? ఇదేనా?"

"పుస్తకంలో ఆ వివరం లేదు."

"ఇది అయ్యుండదులెండి. ఇందులో పుట్టుంటే సముద్రం దాకా ఎల్లేది కాదండి, ఆయ్."

బల్లల మీద కూర్చున్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. నా ఆస్పత్రి గురించే అయినా నాకూ నవ్వాగలేదు. మోతాదు దివ్యంగా పనిచేసిందని సర్వేశ్వరం జిల్లాకి కబురంపాడు. ఆ వారమే బడికి కూడా వెళ్ళి పిల్లలందరికీ ఇదే మోతాదు ఇచ్చొచ్చాడు.

నాలుగు వారాలకి బూస్టర్ తిరునాళ్ళు మొదలయ్యాయి. సర్వేశ్వరం "గోదావరి" అని నోరు తెరవగానే, "ఆస్పత్రిలో!" అని ఊరంతా అందుకుంది. ఒక్కడు నవ్వితే ఒట్టు. చంటిపిల్లలు కూడా ఆవులించారు. సర్వేశ్వరానికి ముచ్చెమటలు పట్టాయి.

"మేడమ్, మోతాదు వికటించింది. ఎవ్వరూ నవ్వట్లేదు."

"వికటించడమేమిటయ్యా, బ్రహ్మాండంగా పనిచేసింది," అన్నాను. "మీ జోకుని జనం ఒకసారి చూశారు, ముఖం గుర్తుపెట్టుకున్నారు, రెండోసారి వస్తే గుమ్మంలోనే పట్టుకుని పడగొట్టారు. హ్యూమరల్ ఇమ్యూనిటీ అంటే అచ్చంగా ఇదే." నేను త్రివిక్రమరావుగారికి విడమర్చి చెప్పలేకపోయినదాన్ని మా శాఖ తనకు తెలియకుండానే ఊరి మీద ప్రయోగించి చూపించింది. సర్వేశ్వరానికి మాత్రం నా మాట ఎక్కలేదు.

ఈ సంబరంలో ఆషాఢం వచ్చేసింది. బళ్ళు తెరిచారు. ఏట్లో ఎర్రనీరు కనబడింది. ఎర్రనీరంటే ఎగువన వానలు పడ్డట్టు, వరద బయల్దేరినట్టు. సత్యవేణి ఆ నీళ్ళు చూసొచ్చి, ట్రంకుపెట్టెలు సర్దడం మొదలుపెట్టింది. సర్దడం కాదు, విసరడం.

"ఫ్రిజ్ పెట్టాల్సిన చోట ఈ పెట్టెలేటండి? ఉన్నయ్యన్నీ కుళ్ళు జోకులే. ఒక్కటంటే ఒక్కటి కుళ్ళనిదుందా!"

"ఏమన్నావ్?"

"కుళ్ళు జోకులన్నానండి. తప్పా?"

తప్పా! నేను కుర్చీలోంచి లేచి ఆమె చేతిలోని పుస్తకం లాక్కుని బల్ల ముందు కూర్చున్నాను. అప్పటికప్పుడు జిల్లాకి రాశాను: "తమరు పంపిన జోకులు ఇక్కడి ఉక్కకు తట్టుకొనలేక కుళ్ళిపోవుచున్నవి. కుళ్ళు జోకులు ప్రజలకు ఇచ్చినచో వాంతులు, విరేచనములు సంభవించగలవు. కావున జోకులను చల్లగా నిల్వచేయుటకు ఒక ఫ్రిజ్ తక్షణమే మంజూరు చేయ ప్రార్థన." విరేచనాలు మరీ అతి అనిపించి కొట్టేశాను. మా శాఖ గుర్తొచ్చి మళ్ళీ రాశాను.

మూడోనాటికి త్రివిక్రమరావుగారు స్వయంగా ఫోన్ చేశారు. గొంతులో ఆందోళన.

"డాక్టరుగారూ, జోకులు కుళ్ళుట ఎంతటి తీవ్రమైన విషయము! ఇంతటి విషయమును ఇన్నాళ్ళు ఎందులకు దాచితిరి?"

మనిషి ప్రాణం ఏడాదిగా పరిశీలనలో ఉంది, జోకు ప్రాణానికి మూడు రోజులు పట్టలేదు. కోపం వచ్చింది గానీ మింగేశాను. ఫ్రిజ్ వస్తోంది కదా!

వచ్చింది. కొత్తది, టీకాలు దాచే అసలు రకం. తలుపు మీద ఎర్రరంగుతో "హాస్య శీతల నిల్వ యంత్రము. జోకులు తప్ప అన్యములు ఉంచరాదు" అని రాయించి మరీ పంపారు. ఏసురత్నం పంటు మీంచి దాన్ని దించుతూ, "దీన్ని కుదపకండ్రోయ్, జోకులు చితికిపోతాయి," అని కేకలు పెట్టాడు. ఫ్రిజ్ ఉంది గనక అవతలి గిడ్డంగివాళ్ళు మారుమాట లేకుండా టీకా మందు ఇచ్చారు. నిబంధన అతిక్రమించడం నాకు ఇష్టం ఉండదు. అందుకని పై అరలో ఒక జోకుల పుస్తకం పెట్టి, మిగతా అరల్లో మందు సీసాలు సర్దాం. సిరంజిలు మాత్రం బుధవారం పొద్దుటి పంటుకి గానీ రావన్నారు. బుధవారమే పిల్లలకి సూదులు అని బడికి కబురు పెట్టించాను.

ఇక్కడితో అయిపోతే ఇది కథ ఎందుకవుతుంది?

ఆ వారమే మా శాఖకి పైన ఒక కొత్త పెద్దాయన వచ్చారు. ఆరోగ్యశాఖ కాగితాల నిండా 'రోగ' అన్న మాటే కనిపించడం అశుభమనీ, ఆ మాటని ఎక్కడున్నా తక్షణం తొలగించి సానుకూల పదజాలం వాడాలనీ ఆయన సెలవిచ్చారు. జిల్లా నుంచి పెయింటర్ వచ్చాడు. బుద్ధిమంతుడు, చెప్పింది చెప్పినట్టు చేశాడు. 'ప్రాథమిక ఆరోగ్య కేంద్రం' బోర్డులో 'రోగ్య' మీద సున్నం కొట్టి వెళ్ళిపోయాడు. మిగిలింది 'ప్రాథమిక ఆ కేంద్రం'.

"ఎక్కడికి బయల్దేరేవే?" అని దారిలో అడిగితే, "ఆ కేంద్రానికి," అనడం మొదలుపెట్టారు మా ఊరివాళ్ళు. "ఏ కేంద్రానికి?" "అదేనే, ఆ కేంద్రానికి." ఈ ఊరికి నవ్వు నేర్పాలట!

బోర్డు పోతే పోయింది. కానీ అదే సున్నం మన ఉత్తర్వు మీద కూడా పడింది. 'హాస్య రోగనిరోధక శక్తి'లోంచి 'రోగ' పోయి 'హాస్య నిరోధక శక్తి' మిగిలింది. మంగళవారం మధ్యాహ్నం త్రివిక్రమరావుగారి ఫోన్.

"డాక్టరుగారూ, దోమల నిరోధక మందు ఏమి చేయును?"

"దోమల్ని ఆపుతుందండి."

"మరి హాస్య నిరోధక శక్తి?"

నా కళ్ళు ఫ్రిజ్ తలుపు మీది ఎర్ర అక్షరాల మీద పడ్డాయి.

"జిల్లాలో హాస్యము నానాటికీ పెచ్చరిల్లుచున్నది. మన శాఖయే ప్రోత్సహించినట్లు తెలిసి దిగ్భ్రాంతి చెందితిని. మీ వద్ద జోకులు పెద్దయెత్తున నిల్వ ఉన్నవని కూడ తెలిసినది. రేపు స్వయముగా వచ్చి యంత్రమును, అందలి సరుకును స్వాధీనపరచుకొందును."

"సార్, పెంచమన్నది తమరే కదా?"

"ఉత్తర్వు మారినది, నేను మారలేదు," అన్నారాయన. అది నిజమే.

సర్వేశ్వరం ఉద్యోగం కూడా ఆ సాయంత్రమే మారింది. హాస్య సమన్వయకర్త కాస్తా హాస్య నిరోధకర్త అయ్యాడు. చాలాకాలానికి తన మొహానికి తగిన పని దొరికినందుకు అతను తేలిక పడ్డట్టు కనిపించాడు.

ఏరు గంట గంటకీ లేస్తోంది. రేపు మందు పోతే, ఎల్లుండి పంటు పోతుంది. మళ్ళీ ఎవరి బిడ్డ గొంతులో పొర కమ్ముతుందో, ఈసారి పడవ అవతలి ఒడ్డు చేరుతుందో చేరదో. సత్యవేణికి ఈ మాటలేవీ నేను చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

"ఆయన రెండో పంటుకి వస్తాడండి. సిరంజిలు మొదటి పంటుకి వస్తాయి. చాలదేటండి?" అంది చీరకొంగు బిగిస్తూ.

బుధవారం పొద్దున్నే మొదటి పంటులో సిరంజిలు దిగగానే పిల్లల్ని ఆ కేంద్రం వరండాలో వరసగా నిలబెట్టాం. నేనొకవైపు, సత్యవేణి ఒకవైపు. ఏసురత్నం మమ్మల్ని చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళి, అవతలి ఒడ్డు నుంచి రెండో పంటుని ఎంత నిదానంగా తేవచ్చో అంత నిదానంగా తెచ్చాడు. ఐనా త్రివిక్రమరావుగారు వచ్చేసరికి వరస ఇంకా పూర్తి కాలేదు.

"ఏమిది?" అన్నారాయన గుమ్మంలోంచి. వెనక సర్వేశ్వరం, ఫ్రిజ్ మొయ్యడానికి మనుషులు.

"తమరి ఆదేశం ప్రకారం సరుకు ఖాళీ చేస్తున్నామండి," అన్నాను చెయ్యి ఆపకుండా.

"జోకులను సూదుల ద్వారానా?"

"ఉత్సాహవర్ధక మోతాదులండి."

ఆయన ఒక సీసా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇక ఆపుడు. మిగిలినది స్వాధీనపరచుకొనుచున్నాను," అన్నారు. అప్పటికి వరసలో ఒక్కతే మిగిలింది. హర్షిణి. సత్యవేణి తన కూతుర్ని అందరికంటే వెనక నిలబెట్టింది మరి. మందు నింపిన సిరంజి ఆమె చేతిలో ఉంది, ఆ చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆ క్షణంలో నాకు మా శాఖ మీద పుట్టిన కోపం ఇక్కడ రాస్తే అచ్చుకి పనికిరాదు.

"సార్," అన్నాను, "స్వాధీనపరచుకునే ముందు పరీక్షించండి. ఈ పిల్లల్లో హాస్య నిరోధక శక్తి ఎంత వచ్చిందో. కావాలంటే తమరే ఒక జోకు చెప్పి చూడండి."

పరీక్ష అనేసరికి ఆయన కాదనలేకపోయారు. సర్వేశ్వరం పుస్తకం తెరిచి అందించాడు. ఆయన గొంతు సవరించుకుని, పద్యం ఎత్తుకున్నట్టు అందుకున్నారు.

"గోదావరి యెచ్చట జన్మించెను?"

జబ్బలు నొప్పెట్టి, కళ్ళనీళ్ళు కారుతున్న పిల్లలు ఆయన వంక శిలల్లా చూశారు.

"వైద్యశాలయందు!"

ఒక్క పెదవి కదల్లేదు. రెండుసార్లు తిన్న జోకు కదా. త్రివిక్రమరావుగారి మొహం విప్పారింది. అంతలో వరస చివర నుంచి 'కిసుక్కు'మని చిన్న చప్పుడు. హర్షిణి. జోకుకి కాదు, 'వైద్యశాలయందు' అన్నప్పుడు ఆయన పైకెత్తిన వేలుకి. రెండు చేతుల్తో నోరు మూసుకుంది గానీ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆయన మెల్లగా అటు తిరిగారు.

"ఈ పిల్లకి ఇంకా మోతాదు పడలేదండి, అందుకే," అంది సత్యవేణి ఎక్కడా తొణక్కుండా. ఒక్క అడుగులో కూతురి జబ్బ పట్టుకుని సూది దించింది.

"అమ్మోయ్!" అని హర్షిణి ఏడుపు లంకించుకుంది. దాన్ని చూసి వరండాలో ఏడుపు ఆగినవాళ్ళంతా మళ్ళీ మొదలుపెట్టారు.

"నిరోధింపబడినది!" అన్నారు త్రివిక్రమరావుగారు. "నా కన్నులయెదుటనే! నవ్వుచున్న బాలిక, ఒక్క మోతాదుతో! ఇట్టి ఫలితము రాష్ట్రమున ఎచ్చటను లేదు. యంత్రము ఇక్కడనే ఉండవలెను. ఎవ్వరును ముట్టరాదు."

సత్యవేణి సిరంజి పక్కన పడేసి, ఏడుస్తున్న కూతుర్ని గుండెకి అదుముకుని, తనూ ఏడ్చేసింది. ఆయన అది చూసి పెద్దలలో కూడా ప్రభావం కనిపిస్తున్నదని సర్వేశ్వరానికి చెప్పి రాయించారు.

మర్నాడు పంటు ఆగింది. ఏరు మా గట్టు మీదికి వచ్చి, చాలారోజులు కూర్చుని, తన తీరిక చూసుకుని వెళ్ళింది. ఈసారి ఫ్రిజ్‌ని అరుగు మీద బల్లలు పేర్చి ఎత్తుగా పెట్టాం. అవతలి లంకలో ఇద్దరికి గొంతు పొర వచ్చిందని తర్వాత విన్నాం. మా లంకలో ఒక్క బిడ్డకీ రాలేదు. మా కేంద్రానికి జిల్లా నుంచి శాలువా వచ్చింది, హాస్యాన్ని సమర్థంగా అణచివేసినందుకు. శాలువా సత్యవేణికి కప్పుతుంటే ఊరంతా పడీపడీ నవ్వింది. సర్వేశ్వరం అటు తిరిగి ఏరు చూస్తూ నిలబడ్డాడు. అతని భుజాలు కూడా ఊగాయని ఏసురత్నం అంటాడు.

నీళ్ళు తీశాక వచ్చిన మొదటి పంటులోనే కొత్త ఉత్తర్వు దిగింది. పైనుంచి ఇంగ్లీషులో బయల్దేరినప్పుడు అది 'సెల్యులర్ ఇమ్యూనిటీ', అంటే కణాల ద్వారా కలిగే నిరోధక శక్తి గురించి అయ్యుంటుంది. మా చేతికొచ్చేసరికి ఇలా ఉంది: "ప్రతి కుటుంబమునకు ఒక సెల్ అందజేసి, తద్వారా సెల్ నిరోధక శక్తిని పెంపొందించవలెను."

సత్యవేణి నాకు టీ తెచ్చిపెట్టి, ఆ కాగితం చదివి, తల పట్టుకుంది. మా లంకలో సిగ్నలే లేదు. రోజులో సగంసేపు కరెంటు ఉండదు. కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్‌లో మందు ఏమవుతుందోనని మేమిద్దరం ప్రాణాలు బిగబట్టి కూర్చుంటాం.

నేను కాగితం ముందుకు లాక్కున్నాను. "సెల్‌లకు ఛార్జింగ్ తగ్గినచో ప్రజలలో శక్తి క్షీణించును. కావున మా కేంద్రమునకు ఒక జనరేటరు తక్షణమే..."

"అప్పుడేనా డాక్టరుగారూ!" అంది సత్యవేణి. "కిందటిసారి వేసంకాలం అంతా కిందామీదా పడ్డారు. ఇప్పుడు టీ అయినా చల్లారలేదండి."

"అది మొదటిసారి కదే," అన్నాను, సంతకం పెడుతూ. "ఇప్పుడు ఒంటికి గుర్తుంది."